ఇటలీ అబ్బాయికి హోసూరులో ఆపరేషన్

కృష్ణగిరి దగ్గర మామిడిపండ్ల గుజ్జు తీసే ఫ్యాక్టరీలో నేను ఆఫీసు పని చూస్తాను. పనివాళ్ల సెలవులు, వాళ్ల ఇన్సూరెన్స్, బయట ఊర్ల నుంచి వచ్చేవాళ్లకు రూము, బండి, భోజనం, అన్నీ నేనే చూసుకోవాల. ఇల్లు మాత్రం హోసూరులో. పొద్దున ఫ్యాక్టరీ బస్సులో పోయి సాయంత్రానికి ఇల్లు చేరతాను. ఇంట్లో నేనూ మా అమ్మా. అమ్మ పుట్టి పెరిగింది కెలమంగలం పక్కన, పట్టుపురుగులు మేపే ఇంట్లో. తెలుగూ కన్నడమూ తమిళమూ కలిపి మాట్లాడుతుంది. ఎదుట ఉండేవాళ్లకు ఏది అర్థమవుతుందో అని ఎప్పుడూ చూసుకోదు.

ఆ యేడు మా ఫ్యాక్టరీకి ఇటలీ నుంచి కొత్త మిషన్ వచ్చింది. గుజ్జును వేడి చేసి, గాలి తగలకుండా పెద్ద సంచుల్లో నింపే మిషన్. దాన్ని బిగించి, నడిపించి, మా చేతికి ఇచ్చిపోయేదానికి ఆ కంపెనీవాళ్లు ఒక ఇంజినీరును పంపించినారు. ఆయప్పకు ముప్పై ఏండ్లు ఉంటాయేమో. పొడుగు మనిషి, మాటలు తక్కువ. వచ్చిన కొన్ని దినాలకే మా ఫిట్టర్లతో కలిసిపోయినాడు. మధ్యాన్నం వాళ్ల పక్కనే కూర్చొని సాంబారన్నం తినేవాడు. కారం తగిలి ముక్కు కారతా ఉన్నా, ఇంకొంచెం పెట్టమని గిన్నె చాపేవాడు.

తోతాపురి మామిడికాయల లారీలు ఇంకా మొదలు కాలేదు. అవి వచ్చే లోపల మిషన్ తిరగాలని అందరికీ తొందరగా ఉండె. అట్లాంటి టైములో ఒక పొద్దున నేను బస్సు దిగి పోతే, ఆయప్ప నా గది ముందర బెంచీ మీద ముడుచుకొని కూర్చొని ఉండాడు. నుదుటి నిండా చెమటలు.

“ఏమైంది?” అని అడిగినాను. మేము ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్లము. ఇద్దరికీ అది సొంత బాస కాదు కాబట్టి చిన్న చిన్న మాటలతోనే పని జరిగిపోయేది.

“కడుపు నొప్పి. నిన్న సాయంత్రం నుంచి. కారం తిన్నందుకేమో అనుకున్నాను,” అన్నాడు.

చెయ్యి కడుపుకు కుడిపక్క, కింద పెట్టుకొని ఉండె. మా చెల్లెలికి కాలేజీ చదివేటప్పుడు అపెండిక్స్ వచ్చి, అది కూడ అట్లనే చెయ్యి పెట్టుకొని కూర్చొనింది. నేను ఇంకేమీ అడగలేదు. డ్రైవరును పిలిచి, హోసూరుకు పోదామని బండి ఎక్కించినాను.

శూలగిరి దాటేవరకు ఆయప్ప కండ్లు మూసుకొనే ఉండాడు. తర్వాత నా పక్కకు తిరిగి, “ఒక మాట నిజం చెప్తావా? మీ అమ్మకు ఇట్లా వస్తే ఈ ఆసుపత్రికే తీసుకొనిపోతావా?” అని అడిగినాడు.

“మా అమ్మకు పిత్తాశయంలో రాళ్లు తీసింది ఈ ఆసుపత్రిలోనే. ఆ రాళ్లు డబ్బీలో పెట్టి ఇచ్చినారు. ఇంటికి ఎవరొచ్చినా ముందు కాఫీ ఇస్తాది, తర్వాత ఆ డబ్బీ చూపిస్తాది,” అన్నాను.

నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు. “నవ్వించొద్దు,” అన్నాడు. అయినా మొగంలో ఉండే భయం కొంచెం తగ్గింది.

ఆసుపత్రిలో స్కానింగ్ చేసినారు. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ మా పక్క మనిషే, మా మాదిరే మాట్లాడుతుంది. స్కానింగ్ చూసి, “అపెండిక్స్ నిండా వాచిపోయి ఉండాదమ్మా. ఈ మధ్యాన్నమే తియ్యాల. రేపటికని పెట్టుకుంటే కష్టం,” అనింది.

ఆయప్ప పర్సులో ఇన్సూరెన్స్ కార్డు ఉండె. పరదేశంలో జబ్బు చేస్తే పిలవమని దాని మీద నంబరు. నేనే ఫోన్ చేసినాను. ఇటలీలో ఒకామె ఎత్తింది. మెత్తగా, తొందర లేకుండా మాట్లాడే మనిషి. రోగి పేరు, ఊరు, ఆసుపత్రి అన్నీ రాసుకొని, “మీరు ఆయనకు ఏమవుతారు?” అని అడిగింది.

“ఏమీ కాను. ఆయన పని చేసే చోట ఆఫీసు చూస్తాను.”

“అక్కడ కుటుంబం వాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“లేరు. ఈడ ఆయనకు ఉండేది మేమే.”

ఆమె బెంగళూరులో తమకు తెలిసిన పెద్ద ఆసుపత్రి ఉందని, అక్కడికి మార్చగలరా అని అడిగింది. నేను ఆ మాట డాక్టరమ్మకు చెప్పినాను. ఆయమ్మ చెయ్యి చాపి ఫోన్ తీసుకొనింది.

“మార్చొచ్చు. కానీ దోవలో అది పగిలిందంటే ఆయనకు శానా ఇబ్బంది. నేనైతే మార్చను. మీ దగ్గర డాక్టరు ఉంటే లైనులోకి ఇవ్వండి, మాట్లాడతాను,” అనింది.

వాళ్ల డాక్టరు లైనులోకి వచ్చినాడు. ఈడ స్కానింగులో ఏమి కనిపించిందో ఈమె చెప్పింది, ఆయన రెండు ప్రశ్నలు అడిగినాడు, అంతే. ఫోన్ నా చేతికిస్తా డాక్టరమ్మ, “సరే అన్నాడు.” అని, థియేటర్ సిద్ధం చెయ్యమని నర్సుకు చెప్పింది. ఇన్సూరెన్స్ అంటే నాకు తెలిసింది బిల్లులు పంపి ఎదురు చూసేదే. ఫోనులో ఒక డాక్టరు వచ్చి ఇంకొక డాక్టరుతో మాట్లాడి, ‘మీ మాటే సరి’ అనడం నేను అంతకు ముందు చూడలేదు.

డాక్టరమ్మ ఒక కాగితం మీద కడుపు బొమ్మ గీసి, యాడ కోస్తారో, ఏమి తీస్తారో ఆయప్పకు చూపించింది. ఆయప్ప అన్నీ విని సంతకం పెట్టినాడు. స్ట్రెచర్ కదిలేముందు నన్ను పిలిచి, “నాకు తెలివి వచ్చినప్పుడు తెలిసిన మొగం ఒకటి ఉంటుందా?” అని అడిగినాడు.

“ఉంటాది,” అన్నాను.

లోపల చూసేసరికి అపెండిక్స్ అప్పటికే పగిలి ఉండిందంట. కడుపంతా శుభ్రం చేసి, గొట్టం పెట్టి బయటికి తెచ్చినారు. ప్రాణానికి భయం లేదు కానీ వారం పైనే ఆసుపత్రిలో ఉండాల, ఆ తర్వాత కూడ కొన్నాళ్లు విమానం ఎక్కేదానికి లేదు అని చెప్పినారు. ఆయప్ప కండ్లు తెరిచినప్పుడు నేను మంచం పక్కనే ఉండాను. చూసి, మళ్లీ కండ్లు మూసుకున్నాడు.

అప్పుడు నర్సు వచ్చి, “పేషెంటు అటెండరు ఎవరు?” అని అడిగింది.

మన పక్క ఆసుపత్రుల్లో రోగి ఒక్కడే ఉండేదానికి లేదు కదా. మందులు తెచ్చేదానికి, గ్లూకోజు అయిపోతే పిలిచేదానికి, లేచేటప్పుడు పట్టుకునేదానికి ఒక మనిషి ఉండాల. ఇటలీలో అట్లా లేదంట. నేను ఫ్యాక్టరీకి పోకపోతే జరగదు. ఇంటికి ఫోన్ చేసి అమ్మకు సంగతి చెప్పినాను. అమ్మ ఒక సంచిలో దుప్పటి, ఫ్లాస్కు, మార్చుకునే చీర ఒకటి పెట్టుకొని ఆటోలో దిగింది.

“ఏమప్పా, ఎట్లుండావు?” అని మంచం పక్కన కుర్చీ లాక్కొని కూర్చొనింది.

ఆయప్పకు ఒక్క మాట కూడ తెలీదు. అయినా తల ఊపినాడు. ఆ దినం మొదలు అమ్మ ఆ కుర్చీ వదల్లేదు. పట్టుపురుగులు గూళ్లు కట్టేటప్పుడు ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో, మా నాయన పెండ్లికి వచ్చినప్పుడు ఏ రంగు చొక్కా ఏసుకున్నాడో, మా ఎదురింటి ఆవు ఎన్నిసార్లు తప్పిపోయిందో, అన్నీ చెప్పింది. నేను సాయంత్రం పోయి, “అమ్మా, పాపం ఆయప్పను నిద్రపోనీవా?” అంటే, నేనేమన్నానో కనిపెట్టి ఆయప్పే చెయ్యి అడ్డం పెట్టి, “చెప్పనీ. ఆమె మాట్లాడతా ఉంటే నాకు నిద్ర బాగా పడతా ఉంది,” అన్నాడు.

నర్సులు తమిళం, అమ్మ తెలుగు, మందుల షాపతను కన్నడం. మూడు బాసలూ కలిపి ఆయప్ప ఒక బాస చేసుకున్నాడు. పొద్దున డాక్టరమ్మ వచ్చి ఎట్లుందని అడిగితే, “నొప్పి ఇల్లే, ఊటా బేకు,” అన్నాడు. నొప్పి తెలుగు, ఇల్లే తమిళం, తిండి అడిగింది కన్నడం. గదిలో ఉండే అందరూ నవ్వినారు. డాక్టరమ్మ, “ఇంక నువ్వు హోసూరోడివే అయిపోయినావప్పా,” అని, ఆ దినం నుంచి గంజి తాగొచ్చనింది. అమ్మ ఇంటికి పోయి రాగిగంజి పలచగా కాచి తెచ్చింది.

మా ఓనరు కూడ వచ్చి చూసిపోయినాడు. మిషన్ సంగతి ఇప్పుడు తలుచుకోవద్దని చెప్పినాడు. కానీ ఆయప్ప వినేరకం కాదు. కొంచెం కూర్చొనే బలం రాగానే ఫోనులో వీడియో పెట్టించుకొని, ఆడ ఫిట్టర్లు ఏ పైపు యాడ బిగిస్తా ఉండారో చూస్తా, “అది కాదు, దాని పక్కది” అని చెప్పేవాడు. అమ్మకు కోపమొచ్చి ఫోన్ తీసి తన ఒళ్లో పెట్టుకొనేది.

ఇన్సూరెన్స్ ఆమె దినమూ ఫోన్ చేసేది. ఒక దినం నాతో, “ఈయన పాలసీలో ఇంకొకటి ఉంది. ఎక్కువ దినాలు ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే ఇంటి నుంచి ఒకరిని పిలిపించొచ్చు. రానుపోను టికెట్టు, ఉండేదానికి రూము మేము చూస్తాము. ఆయన వద్దంటున్నాడు. మీరు ఒకసారి అడిగి చూడండి,” అనింది.

నేను ఆ మాట రెండుసార్లు చెప్పించుకొని విన్నాను. మా ఫ్యాక్టరీలో పనివాళ్ల పాలసీ నేనే చూస్తాను. మంచం, ఆపరేషన్, మందులు, అంబులెన్సు, అన్నీ ఉంటాయి. మనిషి పక్కన ఇంకొక మనిషిని తెచ్చి కూర్చోబెట్టేది కూడ వైద్యంలో ఒక భాగమని రాసి పెట్టిన పాలసీ ఉంటుందని నాకు తెలీదు.

ఆయప్పను అడిగితే, “మా అమ్మ ఒక్కతే ఉంటుంది. ఎందుకు భయపెట్టేది? చిన్న జ్వరమని చెప్పినాను,” అన్నాడు.

ఏమంటా ఉండాడని అమ్మ అడిగింది. చెప్పినాను. అమ్మ కుర్చీలోంచి ముందుకు వంగి, “కన్నతల్లికి చెప్పకుండా దాచిపెడతావా? నేను ఎన్ని కథలు చెప్పినా నీ బాసలో చెప్పగలనా? పిలిపించు,” అనింది. నేను ఇంగ్లీషులో చెప్పేలోపలే ఆ గొంతు చూసి ఆయప్పకు అర్థమైపోయింది. ఆ సాయంత్రమే వాళ్లమ్మకు ఫోన్ చేసి నిజం చెప్పినాడు. ఆయమ్మకు పాస్‌పోర్టు ముందే ఉండె. తన చెల్లెలు బ్రెజిల్‌లో ఉంటే ఒకసారి పోయి చూసొచ్చిందంట. వీసా కంప్యూటర్లోనే వచ్చేసింది. ఆయప్పకు గొట్టం తీసిన దినానికి వాళ్లమ్మ బెంగళూరులో దిగింది.

నేనే బండి తీసుకొని పోయినాను. పొట్టి మనిషి, తెల్ల జుట్టు కత్తిరించుకొని, భుజానికి పెద్ద సంచి. దోవంతా కిటికీకి ఆనుకొని చూస్తానే ఉండె. ఆసుపత్రి మెట్లు మాత్రం నాకంటే ముందే ఎక్కింది. గదిలోకి పోగానే కొడుకు మొగం రెండు చేతుల్లో పట్టుకొని, కోపంగా ఏదో గడగడా అనింది. ఆయప్ప నవ్వతా, ఏడస్తా ఉండాడు. మా అమ్మ నన్ను మోచేత్తో పొడిచి, “తిడతా ఉండాది,” అని సంతోషంగా చెప్పింది. “నాలుగు తిట్లు తినాల్సిందే. లేకుంటే తగ్గదు.”

తర్వాత ఆయమ్మ మా అమ్మ పక్కకు తిరిగి, గట్టిగా కౌగిలించుకొనింది. మా అమ్మకు అది అలవాటు లేదు. చేతులు యాడ పెట్టాలో తెలీక, ఆయమ్మ వీపు మీద తట్టింది, “రా అక్కా, కూర్చో,” అని.

ఇన్సూరెన్స్ వాళ్లు మంచి హోటల్లో రూము తీసినారు. ఆయమ్మ ఒక్క దినమే ఆడ పడుకొనింది. మరుసటి దినం అమ్మ, “హోటల్లో ఎందుకు ఒంటరిగా? మనింట్లో జాగా లేదా?” అని సంచి ఎత్తుకొని తెచ్చేసింది. కొన్నాళ్లకు ఇన్సూరెన్స్ ఆమె ఫోన్ చేసి, “హోటలు ఖాళీగా ఉందంట. అమ్మగారు యాడున్నారు?” అని అడిగింది. మా వంటింట్లో ఉందని చెప్పినాను. ఆమె నవ్వి, “అది మా పాలసీలో లేదు,” అనింది.

నిజంగానే వంటింట్లో ఉండింది. హోసూరు సంతలో టమాటాలు చూసి ఆయమ్మకు ఉండబట్టలేదు. బుట్ట నిండా తెచ్చి, ఉడకబెట్టి, తోలు తీసి, సన్నమంట మీద మధ్యాన్నమంతా కాచింది. తను తెచ్చుకున్న గట్టి జున్ను మాదిరిదాన్ని పైన తురిమింది. అమ్మ పక్కన నిలబడి చూసి, చివర్లో ఆవాలు, కరివేపాకు పోపు పెట్టేసింది. ఆయమ్మ నోరు తెరిచి చూసి, ఒక చెంచా నాలుక మీద వేసుకొని, ఇంకొక చెంచా వేసుకొనింది. ఇద్దరికీ ఫోనులో మాటలు మార్చే యాప్ పెట్టిచ్చినాను. రెండు దినాల్లో దాన్ని పక్కన పెట్టేసినారు. అమ్మ తెలుగులో, ఆయమ్మ ఇటలీ బాసలో, ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటా చిక్కుడుకాయలు ఒలిచేవాళ్లు. ఒకసారి అమ్మ నాతో, “ఆయమ్మ మొగుడు కూడ మీ నాయన మాదిరే, చెప్పకుండా ముందే పోయినాడంట,” అనింది. ఎట్ల తెలిసిందని అడిగితే, “చెప్పింది కదా,” అనింది.

ఆసుపత్రి నుంచి ఆయప్ప కూడ మా ఇంటికే వచ్చినాక ఒక ఆదివారం నలుగురమూ కృష్ణగిరి మామిడి మండీకి పోయినాము. సీజను మొదలై గుట్టలు గుట్టలుగా పండ్లు. ఆయమ్మ ఒక్కొక్క రకాన్ని ఎత్తి వాసన చూస్తా, గుట్ట గుట్టకూ ఆగతా ఉండె. ఏమీ కొనకుండా ఎంతసేపు అని మేము మొహమాటపడితే, మండీ ఆయన, “చూడనీమ్మా, వాసనకు దుడ్డు తీసుకునేది లేదు,” అని ఒక పండు కోసి చేతికిచ్చినాడు. రసం మోచేతి దాకా కారింది. ఆయమ్మ తుడుచుకోలేదు.

డాక్టరమ్మ ఒప్పుకొన్నాక ఆయప్ప ఫ్యాక్టరీకి వచ్చి, కుర్చీలో కూర్చొని చివరి పనులు చేయించినాడు. బరువు ఎత్తకూడదని మా ఫిట్టర్లు ఆయప్ప చేతికి స్పానర్ కూడ ఇవ్వలేదు. లారీలు గేటు బయట నిలబడి ఉండగానే మిషన్ తయారైంది. బటన్ నొక్కమని ఆయప్ప మా ఓనరును పిలిచినాడు. ఓనరు ఇద్దరమ్మలనూ ముందుకు పిలిచినాడు. వాళ్లిద్దరూ కలిసి ఒకే వేలితో నొక్కినట్ల నొక్కినారు. మొదటి సంచి నిండతా పసుప్పచ్చగా ఉబ్బతా ఉంటే, ఫిట్టర్లు చప్పట్లు కొట్టినారు. అమ్మ మాత్రం మూతి దగ్గర కారతా ఉందేమో అని వంగి చూసింది.

తల్లీకొడుకులు ఇటలీకి తిరిగి పోయినాక మా పనివాళ్ల పాలసీ తిరగరాసే టైము వచ్చింది. ఏజెంటు కూర్చొని అన్నీ చదువుతా ఉంటే, నేను ఓనరుతో చెప్పినాను. “సార్, మన దగ్గర ఒడిశా నుంచి, బిహారు నుంచి వచ్చినోళ్లు ఎంతమందో ఉండారు. వాళ్లకు మన ఊరు పరదేశం మాదిరే. జబ్బు చేస్తే ఆసుపత్రి ఉండాది, మందు ఉండాది. పక్కన మనిషే లేడు. నర్సు చెప్పేది అర్థం కాదు, వీళ్లు చెప్పేది నర్సుకు అర్థం కాదు. ఇటలీ అబ్బాయికి వాళ్లమ్మను రప్పించినట్ల వీళ్లకు కూడ ఒకరిని రప్పించేటట్ల ఉండాల.”

ఏజెంటు, “అట్లాంటిది మన గ్రూపు పాలసీల్లో ఉండదమ్మా,” అన్నాడు.

“అడిగి చూడప్పా,” అన్నాడు ఓనరు.

ఏజెంటు అడిగి వచ్చినాడు. పక్కన ఉండే మనిషికి దినానికి ఇంతని ఇస్తారంట, రైలు చార్జీ మాత్రం ఇవ్వరంట. ఓనరు, చార్జీ ఫ్యాక్టరీ పెట్టుకుంటుందని చెప్పినాడు. నేను ఇంకొకటి కూడ అడిగినాను. తల్లి, తండ్రి, భార్య, పిల్లలు అని మనమే రాసేదానికంటే, ఎవర్ని పిలవాలో పనివాడినే చెప్పనిద్దామని. ఓనరు, “అదీ న్యాయమే,” అన్నాడు.

ఆ వానాకాలంలోనే అది పనికొచ్చింది. లోడింగులో పని చేసే ఒడిశా అతనికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేర్పించినాము. ఎవర్ని పిలవాలప్పా అని అడిగితే, “అక్కను,” అన్నాడు. తల్లి లేకుండా పెంచింది ఆ అక్కేనంట. రైల్లో వచ్చింది. మా అమ్మ మాదిరే పక్కన కూర్చొని, ఇటలీ అమ్మ మాదిరే తిట్టింది. తమ్ముడికి తగ్గి, పనిలో చేరినాక ఒకసారి ఫ్యాక్టరీ చూడాలని వచ్చి, పండ్లు ఏరే ఆడోళ్ల పక్కన నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత నా గదికి వచ్చి, తమ్ముడితో చెప్పించి, తనకు కూడ పని ఉంటుందా అని అడిగింది. ఉంటుందని చెప్పినాను. ఇప్పుడు ఇద్దరూ మా ఫ్యాక్టరీ వెనకాల రూములోనే ఉండారు.